అంకిస రేవులో మెడ బెల్టు

"ఇంకేం జూస్తవ్ తాయీ? చెప్పులున్నయి, బెల్టున్నది, ముంగట గోదావరి ఉన్నది. కథ ఒడిసింది," అన్నాడు విలాస్, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

నర్సక్క చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఇసుకలో గొంతుక్కూర్చుంది. ఎదుటివాడు ‘ఒడిసింది’ అన్నచోటే ఆమెకు పని మొదలవుతుంది. గడ్చిరోలి పోలీసుల్లో హవల్దారుగా ఉన్నప్పుడూ అంతే, ఆ కొలువు వదిలేసి సిరొంచలో సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాకా అంతే. అంకిసలో వరి కోసే కూలీదాని బిడ్డ డిటెక్టివ్ ఏంటని మొదట్లో ఆ బోర్డు చూసి నవ్వనివాడు లేడు. ఇప్పుడు అటు చెన్నూరు నుంచి ఇటు ఏటపల్లి దాకా ఎవరింట్లో ఏం పోయినా "నర్సక్కకు ఫోన్ కొట్టుండ్రి" అంటారు. ఆ మాట చెవిన పడితే ఆమెకు ఎక్కడలేని గర్వం వస్తుంది. దాన్ని దాచుకునే ఓపిక కూడా ఆమెకు లేదు.

ఈసారి పోయింది వస్తువు కాదు, మనిషి. అంకిసలో చేపలు పట్టే సమ్మన్న ఒక్కగానొక్క కూతురు అంజలి. తల్లి లేని పిల్ల. నాయనమ్మ సత్తవ్వ పెంచితే చదువుకుని, పరుగు పందెంలో మగపిల్లల్ని కూడా వెనక పడేసి, ఏటపల్లి అడవిలో వనరక్షక్ కొలువు కొట్టింది. ఖాకీ బట్టలేసుకుని ఆమె బస్సు దిగిన రోజు అంకిసంతా బయటికొచ్చి చూసింది. ఆ పిల్లకే మెడలో, తల కింది రెండో ఎముకనూ మూడో ఎముకనూ పట్టుకుని ఒక గడ్డ పుట్టింది. కార్డోమా అన్నారు డాక్టర్లు. లక్షల మందిలో ఒకరికి వస్తుందట. మందులకు లొంగదు, కోసి తీయాల్సిందే. కోసేటప్పుడు ముక్కలైతే మళ్ళీ పుడుతుంది గనక ఎముకతో సహా ఒకే ముద్దగా తీయాలి. పక్కనే మెదడుకు పోయే రక్తనాళాలు, వెనకే వెన్నుపాము. అందుకని నాగపూర్‌లో పెద్ద పెద్ద డాక్టర్లు ఎల్లుండి ఆ ఒక్క పిల్ల కోసం ఒక్కచోట కలుస్తున్నారు. రేపు పొద్దుటికల్లా అంజలి వార్డులో ఉండాలి.

అంబులెన్సు వచ్చి సమ్మన్న వాకిట్లో నిలబడే ఉంది. ఎక్కాల్సిన మనిషి లేదు. పొద్దున సమ్మన్న ఆ అంబులెన్సు సంగతే మాట్లాడడానికి సిరొంచ వెళ్ళి తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ. నీళ్ళకు పోయి వచ్చేలోగా పిల్ల కనపడలేదని సత్తవ్వ ఏడుస్తోంది. వెతుక్కుంటూ రేవుకు పరుగెత్తిన సమ్మన్నకు నీటి అంచున బిడ్డ చెప్పులూ, మెడ బెల్టూ దొరికాయి.

విలాస్ కూడా ఒకప్పటి పోలీసే. నర్సక్క పక్క బల్ల మీద కూర్చుని, ఆమె తవ్విన కేసులకు తన సంతకం పెట్టుకున్న ఘనుడు. ఇప్పుడు నాగపూర్‌లో ఏసీ గదిలో డిటెక్టివ్. ఆపరేషన్ ఖర్చు పెట్టుకుంటున్న ట్రస్టువాళ్ళు రోగిని విచారించి వెంట తీసుకురమ్మని అతన్ని పంపారు. సిరొంచలో కొన్నేళ్ళు పనిచేశాడు గనక తెలుగు బాగానే వస్తుంది, అక్క అనాల్సిన చోట మాత్రం మరాఠీ ‘తాయీ’ వదలడు.

"ట్రస్టుకు మెసేజ్ పెట్టేసిన," అన్నాడు అతను. "పేషంట్ రాదు, ఆ దినం వేరేటోళ్ళకు ఇయ్యిండ్రి అని. మీ దిక్కు జనం గింతే తాయీ. ఆపరేషన్ అనంగనే సగం మంది పారిపోతరు, సగం మంది నీళ్ళల్ల దుంకుతరు."

నర్సక్కకు ఒళ్ళు మండింది. "మా దిక్కు జనమా? ఆ గడ్డను కోసేటి డాక్టర్ సిద్ధార్థ్ ఏ దిక్కోడు? రేగుంటోడు. ఆళ్ళమ్మా మా అమ్మా ఒక్క మడిల నాట్లేసిండ్రు. మా దిక్కు జనం గురించి మాట్లాడేటప్పుడు జర నోరు కడుక్కొని మాట్లాడు విలాస్‌భావు." అని, బెల్టును చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అత్తరా అది, వాసన చూస్తున్నవ్?"

"నువ్వు గూడ చూడు. ఎండలు మండుతున్నయి. రెండు వారాల సంది పండుకున్నా లేసినా పిల్ల మెడకు ఉన్న బెల్టిది. చెమట మరక ఏది? తల నూనె వాసన ఏది? లోపటి మెత్త కొత్త దిండు లెక్కున్నది." ఆమె రెండు పక్కల పట్టీలను వేలితో లాగింది. అవి చర్రుమని ఊడాయి. "పట్టీలు మూసే ఉన్నయి. దుంకేటోళ్ళు బెల్టు ఇప్పుకొని, మల్ల సక్కగ మూసి పెట్టి దుంకుతరా?"

"సావబోయేటోళ్ళ దిమాక్ ఎవనికి తెలుసు?"

"దిమాక్ ఇడిచిపెట్టు. ఇసుక సంగతి చెప్పు. సమ్మన్నా, ఇటు రా తమ్మీ."

గట్టు మీద తల పట్టుకుని కూర్చున్న సమ్మన్న లేచి వచ్చాడు. ఏడ్చి ఏడ్చి అతని కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"నువ్వు మొదలు ఒచ్చినప్పుడు ఇసుక మీద అడుగులున్నయా?"

"లేవక్కా. రాత్రి గాలికి ఇసుకంత సాఫ్‌గున్నది. నా అడుగులే పడ్డయి."

"ఇన్నవా విలాస్‌భావు? చెప్పులేమో నీళ్ళ ఒడ్డుకున్నయి. గట్టు దిక్కు నుంచి పిల్ల అడుగొక్కటి లేదు. ఎగిరొచ్చిందా? చెప్పులు పెట్టినోళ్ళు గట్టు దిక్కు నుంచి రాలె. నీళ్ళ దిక్కు నుంచి ఒచ్చిండ్రు. పడవల ఒచ్చి, చెయ్యి చాపి పెట్టి పోయిండ్రు."

విలాస్ ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ పాత పోలీసు కదా, తేరుకుని సమ్మన్న మీదికి తిరిగాడు. "పడవ ఎవలకున్నది ఈడ? నీకే ఉన్నది గదా? పొద్దున్నే సిరొంచ పోయిన్నని ఎవలు చూసిండ్రు?"

"అయ్యో సారూ! నా బిడ్డ సారూ!" సమ్మన్న చేతులు జోడించాడు.

"అంబులెన్సాయనే ఆయన్ను చూసిండు, ఆ బండిల కూసొని ఇద్దరు కలిసే ఒచ్చిండ్రు," అంది నర్సక్క. "మనిషిని ఏడిపిచ్చుడు కాదు, పడవ చూద్దాం పా."

పడవ రేవుకు కొంచెం కింద, తుమ్మ మొద్దుకు కట్టి ఉంది. నర్సక్క అందులోకి దిగి పలక పలకా తడిమింది. లోపలంతా కడిగి ఉంది. రోజూ చేపలు మోసే పడవలో ఒక్క పొలుసు లేదు. పలకల సందుల్లో మాత్రం పసుపు నీళ్ళు ఆరిపోయి చారలు కట్టాయి. పడవ ముక్కుకు కూడా పసుపు చెయ్యి పడింది. ఆ చారలు చూడగానే నర్సక్క చెయ్యి ఆగిపోయింది.

ఊరివాళ్ళకు తప్ప ఆ పసుపు అర్థం కాదు. సమ్మన్న ఇంటి పడవకు చేపల పని ఒక్కటే కాదు, ఇంకో పని కూడా ఉంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో మనిషి పోతే, కాల్చిన మూడోనాడు ఎముకలు ఏరి కొత్త ముంతలో పెడతారు. ఆ ముంతను ఇంట్లోకి తేరు, ఊరి బయట చెట్టుకు కట్టి ఉంచుతారు. అక్కడి నుంచి నడి గోదావరికి చేర్చేది సమ్మన్న ఇంటి పడవే. వాళ్ళ తాతల నాటి నుంచీ అంతే. చేర్చి వచ్చాక పడవను పసుపు నీళ్ళతో కడుగుతారు, పడవ నడిపినవాళ్ళు తలస్నానం చేసి గానీ గడప తొక్కరు. చిన్నప్పుడు తన తండ్రి ముంతతో నర్సక్క కూడా ఇదే పడవెక్కింది.

"సమ్మన్నా, ఈ నెలల ఎవలు పోయిండ్రు మనూళ్ళ?"

"ఎవ్వలు పోలె అక్కా."

"రేగుంటల? ఆ పక్క ఊళ్ళల్ల?"

"పోతే నాకు కబురు రాదా?" అన్నాడు సమ్మన్న, ఆ తర్వాతే పడవ లోపలికి చూశాడు. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "పసుపెవలు సల్లిండ్రక్కా? నేను సల్లలె."

విలాస్‌కు కూడా ఈ ఆచారం సంగతి కొంత తెలుసు. చిటికె వేసినంత పని చేశాడు. "అయిపోయింది! పొద్దున నేను ఒచ్చేసరికి ముసలామె తలంటుకొని తడి జుట్టు తోటి కూసున్నది. వాకిలి గూడ అలికింది. అప్పుడే అనుకున్న. పిల్ల పోయిందని ఇంట్లోళ్ళకు తెలుసు తాయీ. కర్మ గూడ చేసేసిండ్రు. ఇది పారిపోయిన కేసు కాదు, చంపిన కేసు."

ఆ మాటకు సమ్మన్న ఇసుకలో కూలబడ్డాడు. నర్సక్క పడవ దిగి వచ్చి విలాస్‌కు ఎదురుగా నిలబడింది. ఆమె అతని భుజం దాకా వస్తుంది, అంతే. కానీ విలాసే కొంచెం వెనక్కి వంగాడు.

"బొక్కలు గంగల కలపాలంటే ముందు పీనుగ కాలాలె. కాలినంక ఆరాలె. నిన్న రాత్రి పిల్ల తోని నువ్వే మాట్లాడి కాయిదం మీద దస్తకత్ తీసుకున్నవ్. రాత్రి బతికున్న పిల్ల, పొద్దుగాల్నే బొక్కలైతదా? ఎక్కడ చదువుకున్నవయ్యా డిటెక్టివ్ పని?"

విలాస్ ముఖం ఎర్రబడింది. "సరే. మరి ఎవలవి ఆ బొక్కలు?"

తెలియదని ఒప్పుకోవడం నర్సక్కకు బొత్తిగా ఇష్టం లేదు. అందుకే ఫోన్ తీసి డాక్టర్ సిద్ధార్థ్ నంబరు నొక్కింది. ఈ కేసు పట్టమని పొద్దున ఆమెకు ఫోన్ చేసింది అతనే.

"అక్కా, దొరికిందా?" అతని గొంతులో ఆత్రం. 

"దొరుకుతది తమ్మీ. నువ్వు ఒక్కటి చెప్పు. పిల్లకు బెల్టులు ఎన్ని ఇచ్చిండ్రు?"

"రెండక్కా. ఒకటి ఎప్పుడు మెడకే. తానం చేపిచ్చినప్పుడు మార్చనీకి ఇంకొకటి. బెల్టు లేకుంట తల తిప్పిందంటే... వద్దక్కా, చెప్పలేను. ఆ ఎముక గడ్డ తినేసి చిప్పపెంకు లెక్కున్నది."

నర్సక్క గుండె కుదుటపడింది. వాడని బెల్టు రేవులో ఉంది, వాడే బెల్టు పిల్ల మెడకే ఉంది. అంటే పిల్లను తీసుకుపోయినవాళ్ళకు ఆ మెడ అంటే భయం ఉంది. చంపేవాళ్ళకు ఆ భయం ఎందుకుంటుంది!

"ఇంకొక మాట. మీ దవాఖానల మనుషుల బొక్కలు ఏమన్న ఉంటయా?"

అవతల డాక్టర్ కాస్త తికమకపడ్డాడు. "బొక్కలా? లేవు. ఆఁ, బొమ్మ ఒకటుండె. స్కాన్ చూసి అంజలి మెడను అచ్చం అట్లనే మిషన్ మీద అచ్చు తీపిచ్చినం, గడ్డ తోటి సహా. ఆపరేషన్‌కు ముందు దాని మీద కోసి చూసుకుంటం. ఇంటికి పంపే దినం సమ్మన్న బావకు, పెద్దవ్వకు దాన్నే చూపిచ్చి అంత చెప్పిన. తర్వాత టేబుల్ మీద కనవడలె. పోనీ తియ్ అని ఇంకోటి అచ్చు తీసుకున్నం. ఎందుకక్కా?"

"ఫోన్ దగ్గర్నే ఉండు తమ్మీ. మల్ల చేస్త," అంది నర్సక్క. ఆమె మొహంలో వెలుగు చూసి విలాస్‌కు మళ్ళీ రుమాలు అవసరమైంది. ఆ వెలుగు అతనికి పాత పరిచయమే.

ఇంటి దగ్గర సత్తవ్వ గడపలో కూర్చుని తెగిన వల కుడుతోంది. మనవరాలు పోయిందని పొద్దున గుండెలు బాదుకున్న మనిషి. కానీ సూది వల కన్ను ఒక్కటీ తప్పడం లేదు. విలాస్ నోరు తెరవబోతే నర్సక్క అతని బూటు మీద తన చెప్పు వేసి తొక్కింది. ముసలామె పక్కనే చతికిలబడి వల కొస పట్టుకుంది.

"అవ్వా, నీ జుట్టు ఇంకా ఆరలె."

"ఎండకాలం తానం చెయ్యొద్దా బిడ్డా?"

"నువ్వు చెయ్యి. పడవకెందుకు చేపిచ్చినవ్?"

సూది ఆగింది. సత్తవ్వ తలెత్తలేదు.

"నేను నిన్నేం అంటలె అవ్వా. మా నాయిన ముంత నువ్వే మోసినవ్. ఏడుస్తుంటే నన్ను ఒళ్ళె కూసోపెట్టుకున్నవ్. నేను మర్వలె. ఒక్క మాట చెప్పు. ఇయ్యాల గంగల ఇడిసిన బొక్కలు ఎవలవి?"

సత్తవ్వ సూదిని వలలో గుచ్చింది. పలికినప్పుడు ఆ గొంతులో పొద్దుటి దొంగ ఏడుపు లేదు, నిజం దుఃఖం ఉంది.

"గదే గదా బిడ్డా నా బాధ. ఎవలవో నాకేం ఎరుక? పేరు తెల్వదు, ఇంటిపేరు తెల్వదు, ఆడో మగో తెల్వదు. పేరు చెప్పకుంట గంగకు ఎవల్నన్న అప్పజెప్పినమా ఇన్నేండ్లల్ల? ఇయ్యాల జెప్పిన."

"అవ్వా!" అన్నాడు సమ్మన్న గుమ్మం బయటి నుంచి. సత్తవ్వ కొడుకు వంక చూడలేదు.

"దవాఖానల టేబుల్ మీద పెట్టిండు ఆ రేగుంట పిలగాడు. మెడ బొక్క. మా అత్త ఎంబడి పడవెక్కిన్నాటి సంది చూస్తున్న, మనిషి బొక్కను నేను పోల్చనా? ‘పెద్దవ్వా, ఇది తీసేసి ఈడ కొత్త బొక్క పెడ్త’ అన్నడు. కొత్త బొక్క ఏడికెల్లి ఒస్తది? బతికినోడు ఎవడన్న ఇస్తడా? సచ్చినోనిదే గదా! ఏ తల్లి కన్న బిడ్డదో, గంగకు పోవల్సిన బొక్క. గది నా మనుమరాలి మెడల పెడ్తె ఆ పోయినాయన ఊకుంటడా? నా బొక్క నాకియ్యి అని దాని ఎంట పడడా?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "కొంగుల కట్టుకొని ఎత్తుకొచ్చిన. ముంతల పెట్టి తుమ్మ చెట్టుకు కట్టిన. ఈడు పడవ ఇడిసి పోయేదాక ఆగి, ఇయ్యాల కలిపిన. దొంగతనమే. జైల్ల ఏస్తవా, ఎయ్యి. తల వంచుకొని వస్తననుకోకు, ఎత్తుకొనే వస్త."

"పిల్ల?" అన్నాడు విలాస్, ఇక ఉండబట్టలేక.

"ఆ దవాఖానల గసుంటి బొక్కలు ఇంకెన్నున్నయో! ఆపరేషన్ దినం దాటిపోవాలె అనుకున్న. చెప్పులు చూసి దుంకిందనుకుంటే మీరు మీ బండి తీసుకొని ఎల్లిపోతరనుకున్న. కొడుకును జర ఏడిపియ్యక తప్పలె."

విలాస్ నవ్వబోయాడు. నర్సక్క చూసిన చూపుకు ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. నిజానికి నర్సక్కకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఊరూ పేరూ తెలియని మనిషి ఎముక కోసం దవాఖానలో దొంగతనం చేసి, చెయ్యాల్సిన మర్యాదంతా చేసి సాగనంపిన ముసలిదాన్ని చూస్తే ఆమెకు గొప్పగా అనిపించింది. తప్పు తప్పే. కానీ ఇలాంటి తప్పు ఈ రేవులో పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు!

ఆమె ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, జరిగింది చెప్పింది. డాక్టర్ పసిపిల్లకు చెప్పినట్టు మెల్లగా మొదలుపెట్టాడు.

"పెద్దవ్వా, ఇంటున్నవా? అది సచ్చినోళ్ళ బొక్క కాదే. బొమ్మ. మన అంజలి మెడను మిషన్ చూసి గీసిన బొమ్మ. అది అంజలి మెడనే."

సత్తవ్వ చేతిలోంచి వల జారిపోయింది. "నా మనుమరాలి మెడనా? బతికున్న పిల్ల మెడను ముంతల పెట్టి గంగల కలిపిన్నా?" ఆమె రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "అయ్యో, ఎంత పని జేసిన! నా చేతులార నేనే..."

"ఆగు పెద్దవ్వా, ఆగు! మంచి పనే జేసినవ్," డాక్టర్ గొంతు పెంచాడు. "ఆ బొమ్మల గడ్డ గూడ ఉండె గదా? గడ్డ పట్టిన పాత మెడ గంగల పోయింది. పీడ పోయింది. ఇగ కొత్తది నేను పెడ్త."

సత్తవ్వ ఏడుపు ఆపి ఫోన్ వైపు అనుమానంగా చూసింది. "కొత్తది ఎవలది?"

"అంజలిదే. పిక్క పక్కన సన్న బొక్క ఒకటుంటది. దాంట్ల ఒక ముక్క తీసినా మంచిగ నడుస్తరు. ఆ ముక్కనే మెడల నిలబెట్టి, చుట్టు లోహం పట్టీలేసి బిగిస్త. దాని బొక్క దానికే. పరాయి బొక్క ఒక్క పిసరు గూడ ఉండదు."

"దాని బొక్క దానికే?"

"దానికే పెద్దవ్వా."

"మల్ల గా ముక్క ఆ దినమే చెప్పద్దా డాక్టరా? ఇంత సదువు సదివినవ్!" అని సత్తవ్వ లేచి చీర కొంగు నడుముకు బిగించింది. "నడు కొడకా, పడవ తియ్. మన వల గుడిసెల ఉన్నది, దిబ్బ మీద."

నర్సక్క విలాస్ వైపు తిరిగి చెయ్యి చాపింది. "ట్రస్టుకు ఫోన్ చెయ్యి. నా ముంగటనే చెయ్యి. పేషంట్ ఒస్తున్నది, ఆ దినం ఎవ్వలకు ఇయ్యొద్దని చెప్పు."

"దొరకనీ తాయీ, దొరికినంక..."

"దొరికింది. నేను చెప్తున్న గదా, దొరికిందని. నర్సక్క దొరికింది అన్నంక దొరకని మనిషి లేదు."

విలాస్ పళ్ళు కొరుక్కుంటూనే ఫోన్ చేశాడు. మరాఠీలో మాట్లాడుతూ మధ్యలో ఒకసారి "నాదే పొరపాటు" అనాల్సి వచ్చింది. ఆ మాట నర్సక్క చెవులారా విన్నది. చాలా ఏళ్ళుగా వినాలనుకున్న మాట అది.

దిబ్బ ఎంతో దూరం లేదు, నది మధ్యలో ఇసుక మేట. దాని మీద వలలు దాచుకునే తడకల గుడిసె. పడవ ఆగీ ఆగకముందే సమ్మన్న దూకి పరుగెత్తాడు. విలాస్ బూట్లు విప్పుకునే తీరిక లేక మోకాళ్ళ లోతు నీళ్ళలో తడిసిపోయాడు.

గుడిసెలో, పడవ పలక మీద పరిచిన బొంత మీద అంజలి వెల్లకిలా పడుకుని ఉంది. మెడకు బెల్టు ఉంది. తలకు ఇటూ అటూ పాత చీర గుడ్డతో కుట్టిన ఇసుక సంచులు, తల పక్కకు ఒరగకుండా. వార్డులో మనవరాలి పక్కన కూర్చున్నన్నాళ్ళూ సిస్టర్లు ఎలా చేసేవారో చూసి సత్తవ్వ అచ్చం అలాగే కుట్టింది. పక్కన మంచినీళ్ళ కుండ, విసనకర్ర.

"నాయినా, నువ్వేనా? అడుగుల సప్పుడు పోల్చిన," అంది అంజలి కప్పు వైపు చూస్తూనే. "నాయినమ్మ ఉన్నదా ఎంబడి? నాయినమ్మా! గంగమ్మకు మొక్కి ఒద్దాం పా అని తీసుకొచ్చి దిబ్బ మీద పండవెట్టి పోతవా? ఫోన్ గూడ ఇంట్లనే పాయె. ఒర్లుదామంటే మెడ కదులుతదని ఒర్లలె. అడవిల దొంగల్ని పట్టే వనరక్షక్‌ను నేను. నన్నే ఎత్తుకొస్తవా?"

సత్తవ్వ మనవరాలి కాళ్ళ దగ్గర కూలబడి రెండు పాదాలూ పట్టుకుంది. సమ్మన్న కళ్ళు తుడుచుకుంటున్నాడు. అందరూ ఏడుస్తుంటే ఆ పిల్ల ఒక్కతే నవ్వుతోంది. నర్సక్క కళ్ళల్లో కూడా నీళ్ళు తిరిగాయి. ఇదీ మా అంకిస పిల్ల, చూడవయ్యా నాగపూర్ డిటెక్టివూ అని గట్టిగా అరవాలనిపించింది. విలాస్ బయటికి పోయి, పలక కదలకుండా ఉండేలా పడవలో ఇంకో బొంత పరవడం మొదలుపెట్టాడు.

డాక్టర్ ఫోన్‌లోనే ఉన్నాడు. "లేపకుండ్రి ఎవ్వరు. పలక తోని సహా ఎత్తాలె, నలుగురు ఒక్కసారి. అంతకు ముందు ఒక చిన్న పని, మెడల నరం నలిగిందో లేదో చూడాలె. అంజలీ, ఇంటున్నవా? కాళ్ళ వేళ్ళు ఆడియ్యి."

పాదాల వేళ్ళు కదిలాయి. "ఆడుతున్నయి తమ్మీ, రెండు కాళ్ళయి," అంది నర్సక్క.

"శాబాష్. ఇప్పుడు కుడి చెయ్యి. అక్కా, నీ వేలు దాని అరచేతిల పెట్టు. అంజలీ, అత్త వేలు గట్టిగ పట్టుకో. విరిగిపోవాలె."

నర్సక్క చూపుడు వేలు ఆ పిల్ల అరచేతిలో పెట్టింది. పొద్దుటి నుంచి అదుముకున్న సంతోషమంతా ఇప్పుడు ఆమె ముఖంలో కనపడుతోంది. విరిస్తే విరవనీ, మంచి కేసుకు ఒక వేలు పోయినా నష్టం లేదనుకుంది.

"పట్టుకున్నవా?" అన్నాడు డాక్టర్.

"ఎప్పుడో పట్టుకున్న సార్," అంది అంజలి, కప్పు వైపు చూసి నవ్వుతూ. "అత్తను అడుగుండ్రి, నొప్పి పెడ్తుండొచ్చు. జర వదులు చెయ్యనా అత్తా?"

నర్సక్క కిందికి చూసింది. అంజలి వేళ్ళు ఐదూ తెరిచే ఉన్నాయి.